పింజ ఒంటి మీద చిక్కులు

ఏప్రిల్ 9

అమ్మాయి స్కూటీని పోలీసు స్టేషను నుంచి ఈ రోజు వదిలారు. ముందు చక్రం వంకరపోయింది. హ్యాండిలు సందులో దూది ఇంకా ఇరుక్కుని ఉంది. గుద్దిన పత్తి ట్రాక్టరు తాలూకు మనిషి ఒక్కడూ రాలేదు. బండిని దొడ్లో గోడకు ఆనించి మీద గోతం కప్పాను.

షారోన్ ఐసీయూలోనే ఉంది. కళ్లు తెరవలేదు. ఎలీసమ్మ ఆసుపత్రి వరండా వదిలి రానంది. నన్ను మాత్రం పొమ్మంది.

“మొగుడూ పెళ్లాం ఇద్దరం ఇక్కడ గోడలు చూస్తా కూర్చుంటే ఇంట్లో దానికి ఎవరు పెడతారు? పిల్ల దాని మీద ప్రాణం పెట్టుకుంది. వెళ్లు.”

ఇన్నాళ్లూ దాన్ని నేను ముట్టుకోలేదు. షారోన్ పని చేసే పెంపుడు జంతువుల సెలూన్లో ఎవరో వదిలేసి పోతే ఇంటికి తెచ్చుకుంది. చిన్చిల్లా అంది, చలి కొండల్లో బతికే జంతువట. నేను ఎలుక అన్నాను. ఎలుకకు ఏసీ ఏమిటని కూడా అన్నాను. ఆ మాటకు చాలా రోజులు నాతో పలకలేదు. పింజ అని పేరు పెట్టింది. చూడటానికి బూడిద రంగు దూదిపింజలాగే ఉంటుంది. చెవులు మాత్రం పెద్దవి.

మనిషి లేని గదిలో ఏసీ తిరుగుతోంది. ఆపేశాను. బోను హాల్లోకి తెచ్చి కూలరు ముందు పెట్టాను. గాలి బాగా తగులుతోంది. చల్లగాలి ఏదైనా చల్లగాలే.

ఏప్రిల్ 10

నేను పని చేసే కోల్డ్ స్టోరేజీకి లారీలు వస్తూనే ఉన్నాయి. చాంబర్లు నిండిపోయినా మిర్చి టిక్కీ బస్తాలు దించుతామంటారు. ఎక్కడ దించాలో నేనే చూపించాలి.

పింజకు గడ్డి వేశాను. షారోన్ అలాగే ఉంది.

ఏప్రిల్ 13

మట్టల ఆదివారం. గుడికి వెళ్లలేదు. పిల్లలు మట్టలు పట్టుకుని పాడుకుంటూ మా వీధిలోంచే వెళ్లారు. తలుపు వేసుకున్నాను.

ఏప్రిల్ 15

పింజ ఒళ్లు ముద్దలు కట్టింది. పక్కల్లో, తోక దగ్గర, మెడ కింద. తడి దూదిని పిడికిట్లో నొక్కి వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. కూలరు గాలిలో తేమ ఉంటుందని తెలుసు. కానీ ఇంతలా పడుతుందనుకోలేదు. కూలరుదే తప్పని చెప్పలేం. షారోన్ దానికి రోజూ ఒక పళ్లెంలో పొడి పోసి అందులో దొర్లించేది. ఆ పొడి డబ్బా ఖాళీగా ఉంది. పొడి లేక ముద్ద కట్టి ఉంటుంది.

బోనులో చెయ్యి పెట్టి వీపు మీద పట్టుకున్నాను. ఒక్క గుంజు గుంజుకుని పారిపోయింది. నా చేతిలో గుప్పెడు బొచ్చు మిగిలింది. దాని వీపు మీద రూపాయంత మేర నున్నటి చర్మం బయటపడింది. రక్తం లేదు. అరవలేదు కూడా. మూలకు పోయి నా వంకే చూస్తూ కూర్చుంది.

ఆ బొచ్చును ఎక్కడ పారేయాలో తోచలేదు. జేబులో పెట్టుకుని పనికి వెళ్లాను.

ఏప్రిల్ 16

దర్శిలో హెలెన్ అక్కకు ఫోను చేశాను. షారోన్‌ను చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు ఆమె దగ్గరే ఉంచేవాళ్లం.

“అక్కా, చిక్కు బాగా పడిపోతే ఎట్టా తీయాలి?”

“ఎవరికిరా? పిల్లకా? కళ్లు తెరిచిందా?”

“లేదు. పిల్లకు కాదు. దాని ఎలుకకు.”

“ఏరా జక్రీ, పిల్ల గొట్టాలు పెట్టుకుని పడుకుంటే నువ్వు ఎలుకకి జడలేస్తన్నావా?”

“అది చచ్చిపోతే పిల్ల లేచాక ఏమని చెప్పను?”

ఆ మాటకు అక్క మెత్తబడింది. “కొబ్బరినూనె పట్టించు. పొదుపు చేయకుండా బాగా కుదుళ్లకు పట్టాలి. గంట నాననిచ్చి చిక్కుదువ్వెన తీసుకుని చివర్ల నుంచి రా. పై నుంచి లాగావంటే ప్రాణం పోద్ది. షారోన్‌కి నేను అట్టాగే తీసేదాన్ని. ఏడిస్తే చెవిలో కథ చెప్పేదాన్ని. నువ్వు కథలు చెప్పవులే, నూనె అన్నా సరిగా రాయి.”

ఏప్రిల్ 17

నూనె రాశాను. తువ్వాల్లో చుట్టి, తల మాత్రం బయట ఉంచి, ఒక్కో పక్కా తీసి రాశాను. ఈసారి బొచ్చు ఊడలేదు. నూనె బాగా పట్టింది. చిక్కుదువ్వెనకు రెండు ముద్దలు విడిపోయి వచ్చాయి. అక్క చెప్పింది నిజమే.

ఏప్రిల్ 18

శుభ శుక్రవారం.

పింజ బోను మూలకు పోయి కూర్చుంది. నూనె ఆరలేదు. ఒళ్లంతా అతుక్కుపోయి, కాలవలో పడి తేలిన పిల్లిపిల్లలా ఉంది. ఇంత చిన్నదని ఇంతకు ముందు తెలియలేదు. గడ్డి తినలేదు. రేపటికి ఆరుతుంది.

ఏప్రిల్ 19

ఆరలేదు.

ఏప్రిల్ 20

ఈస్టరు. తెల్లవారుజాము ఆరాధనకు వెళ్లి వెనక నిలబడ్డాను. బయటికి వస్తుండగా ఎలీసమ్మ ఫోను. ఏడుస్తోంది. ఏమి చెబుతోందో మొదట అర్థం కాలేదు.

“లేచిందయ్యా. కళ్లు తెరిచింది. గొట్టం తీశారు. నన్ను చూసి ‘పింజ’ అంది.”

“ఏమంది?”

“పింజ అంది. నన్ను పిలవలా, నిన్ను అడగలా. దాన్ని అడిగింది. బాగుందని చెప్పేశా. బాగుందిగా?”

“బాగానే ఉంది.”

“డాక్టరు గారు గట్టిగా చెప్పారు. తలలో వాపు ఇంకా ఉందంట. ఏడవకూడదు, ఆందోళన పడకూడదు. పుర్రె ఎముక తీసి దాచారంట, వాపు తగ్గాక మళ్లీ ఆపరేషను చేసి పెడతారంట. అప్పటిదాకా ఏ చెడ్డ కబురూ చెవిన పడకూడదన్నారు. ఇంటి దగ్గర అన్నీ బాగుండాలి. విన్నావా?”

విన్నాను.

ఇంటికి వచ్చి బోను ముందు కూర్చున్నాను. ఇప్పుడు ఇది బతకాలి.

ఏప్రిల్ 21

గుంటూరులో సెలూను నడిపే హేమశ్రీ గారికి ఫోను చేశాను. ముందే చేయాల్సింది. షారోన్ ఆమె గురించి మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడుతుందన్న అక్కసుతో ఆమెను నేను ఎప్పుడూ పలకరించలేదు.

“నూనె రాశారా? ఎవరు చెప్పారండీ?”

“మా అక్క.”

“మీ అక్కయ్య గారు ఏ జంతువుల డాక్టరండీ?” వెంటనే, “అయ్యో, ఏమీ అనుకోకండి” అన్నారు. “దాని ఒంటి మీద ఒక్క కుదుట్లోంచే బోలెడు వెంట్రుకలు వస్తాయి. తడి తగిలితే లోపల ఆరదు. చర్మం కుళ్లుతుంది. నీళ్లు, నూనె, తడిగుడ్డ, ఏమీ తగలకూడదు. ఏసీ వేసే ఉంచారు కదా?”

హాల్లో తిరుగుతున్న కూలరు వైపు చూశాను.

“జక్రయ్య గారూ, ఏసీ?”

“కూలరు పెట్టానండి.”

“ఇప్పుడే ఏసీ వేయండి. బోను గదిలో పెట్టండి. నేను లైన్లోనే ఉంటాను.”

ఫోను బల్ల మీద పెట్టి వెళ్లి వేశాను. తిరిగి వచ్చేదాకా నిజంగానే ఉన్నారు. నూనె పోవడానికి కార్న్‌ఫ్లోర్ చల్లమన్నారు. దువ్వెన, దొర్లే పొడి బస్సులో పంపుతానన్నారు. ఎండ వేడికి చల్లగా పడుకోవడానికి నాపరాయి ముక్క ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వమన్నారు. నాపరాళ్లకు మనకేం కొదవ. గోడ కట్టగా మిగిలినవి దొడ్లో ఉన్నాయి.

“పట్టుకునేటప్పుడు తోక మొదట్లో పట్టుకోండి. వీపు మీద పట్టుకుంటే భయపడి బొచ్చు వదిలేస్తుంది. శత్రువు నోట్లో బొచ్చు మిగిల్చి అది తప్పించుకుంటుందన్న మాట.”

అది నాకు తెలుసునని చెప్పలేదు.

ఏప్రిల్ 24

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒక విడత, సాయంత్రం ఒక విడత. తెల్ల పిండి చల్లి, వేళ్లతో అద్ది, దులిపి, మళ్లీ చల్లడం. జిడ్డు దిగుతోంది. ముద్దను దువ్వెనతో లాగకూడదు. ముద్దకూ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పెట్టి కుదుళ్లను అదిమి పట్టుకోవాలి. అప్పుడు చివర నుంచి నాలుగు వెంట్రుకలు, ఇంకో నాలుగు వెంట్రుకలు విడదీయాలి. లాగుడు నా వేళ్లకు తగలాలి కానీ దానికి తగలకూడదు.

కుర్రతనంలో జిన్నింగు మిల్లులో పత్తిలోంచి కాయ ముక్కలు ఏరేవాణ్ణి. వేళ్లకు ఆ పని గుర్తుంది.

తోక దగ్గర ఉన్న ముద్ద విడిపోలేదు. కత్తిరించాను. దాని కింద చర్మం ఎర్రగా పొలుసులు లేచి ఉంది. హేమశ్రీ గారు పౌడరు మందు చెప్పారు.

ఏప్రిల్ 27

ఈ రోజు అది నా ఒళ్లో కూర్చుంది. పట్టుకోకుండానే.

ఏప్రిల్ 29

షారోన్‌ను వార్డులోకి మార్చారు. ఎలీసమ్మ వీడియో కాల్ చేసింది. షారోన్ ముఖం సగం వాచి ఉంది. తలకు ఒక పక్క గుండు చేశారు. ఆ పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. అటు చూడకుండా కళ్లలోకే చూస్తూ మాట్లాడాను.

“నాన్నా, ఏదీ?”

ఒళ్లో పెట్టుకుని చూపించాను. మంచి పక్క చూపించాను. ఒక చేత్తో దువ్వాను కూడా.

“నువ్వు పట్టుకున్నావా దాన్ని?” గొంతు బొంగురుపోయింది. నవ్వబోయి నొప్పికి ఆగింది. “ఎలుక అన్నావు.”

“ఎలుకే.”

“అటు తిప్పు నాన్నా, రెండో పక్క చూస్తా.”

సిగ్నల్ పోతోందని కట్ చేశాను.

తర్వాత ఎలీసమ్మ విడిగా చేసింది. పిల్ల అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిందట. “రోజూ చూపించు” అంది.

మే 4

రోజూ చూపిస్తున్నాను. బోడిగా ఉన్నచోట నూగు వస్తోంది. చిక్కులు ఇక మెడ కింద మాత్రమే ఉన్నాయి. మెడ కింద దువ్వేటప్పుడు తల పైకెత్తి కళ్లు మూసుకుంటుంది. దాని దవడ నా చూపుడువేలు మీద ఆనించి పెడుతుంది. ఆ బరువు ఉన్నట్టే తెలియదు.

మే 7

మెడ కింద కూడా అయిపోయింది. ఒంటి మీద ఒక్క చిక్కు లేదు. పళ్లెంలో పొడి పోస్తే దొర్లింది. గదంతా పొడి. షారోన్‌కు ఆ వీడియో పంపాను. పది సార్లు చూసిందని ఎలీసమ్మ చెప్పింది.

ఆపరేషను మే 20న అన్నారు.

మే 11

సాయంత్రం గాలివాన. మా లైనులో కరెంటు స్తంభాలు పడిపోయాయి. చినుకులు కాసేపే, గాలే ఎక్కువ. పింజ దగ్గర ఫ్రిజ్‌లోని రాయి పెట్టాను.

మే 12

కరెంటు లేదు. ఫ్రిజ్ కూడా ఆగిపోయింది కాబట్టి రాయి కూడా వెచ్చబడింది. పొద్దున పదింటికే గది కొలిమిలా ఉంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. చెవులు ఎర్రబడితే ప్రమాదమని హేమశ్రీ గారు ముందే చెప్పారు. ఆమెకు ఫోను చేస్తే గుంటూరు తీసుకురమ్మన్నారు. ఆటోలో ఆ ఎండలో గంట ప్రయాణం. దారిలోనే పోతుంది.

అప్పుడు తట్టింది. ఈ జిల్లా మొత్తం మీద చల్లని చోటు నా చేతి కింద ఉంది.

రెండో చాంబరు ఖాళీ. మొన్ననే ఎగుమతి వాళ్లు సరుకంతా ఎత్తుకున్నారు. ఊడ్చి కడిగించాను కూడా. బోను మీద తడి లేని దుప్పటి కప్పి, సైకిలు వెనక కట్టి తీసుకెళ్లాను. మా కోల్డ్ స్టోరేజీ ఇంటికి దగ్గరే. జనరేటరు నడుస్తోంది.

కంప్రెసరు చూసే సిలార్ ఎదురొచ్చాడు. “ఏంది జక్రయ్యా, క్యారేజీ పెద్దదే తెచ్చావు. బిర్యానీనా?”

“షారోన్‌ది. ఎండకు తట్టుకోవట్లేదు.”

వాడు దుప్పటి ఎత్తి చూసి నవ్వడం మానేశాడు. “రెండోదాంట్లో పెట్టు. ఫ్యాను తగ్గిస్తా.”

“ఘాటు ఉంటుందేమోరా.”

ఇద్దరం లోపలికి వెళ్లి నిలబడ్డాం. బాగా పీల్చి చూశాను. సిలార్ కూడా పీల్చాడు. “ఏం లేదు. సబ్బు పెట్టి కడిగినట్టుంది” అన్నాడు. నాకూ ఏమీ తెలియలేదు. చల్లగా, శుభ్రంగా ఉంది. బోను మధ్యలో పెట్టాను. కాసేపట్లోనే చెవుల ఎరుపు తగ్గింది.

ఒడిశా లారీ డ్రైవరు ఒకడు గేటుపాసు కోసం ఆ తలుపు దాకా వచ్చి, దగ్గుకుంటూ తుండు ముక్కుకు కట్టుకుని వెనక్కి పోయాడు. “కొత్తోడు, వారానికి అలవాటు పడతాడులే” అని సిలార్ నవ్వాడు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే రెండు ముందు చేతులతో ముఖం రుద్దుకుంటోంది. ముఖం కడుక్కుంటోందనుకున్నాను. చల్లబడి హుషారు వచ్చిందనుకున్నాను. వీడియో తీసి షారోన్‌కు పంపాను.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. ఇంటికి తెచ్చేశాను.

మే 13

ముక్కు కారుతోంది. ఊపిరి తీస్తుంటే గురగుర. కళ్లు అతుక్కుపోయాయి. కడిగించిన చాంబరు కదా. చలి చేసి ఉంటుంది.

హేమశ్రీ గారు వీడియో చూశారు. “ఎక్కడ పెట్టారండీ దాన్ని?” అని అడిగారు. చెప్పాను. వెంటనే సత్తెనపల్లి పశువుల ఆసుపత్రికి వెళ్లమన్నారు. వెళ్లాను. అక్కడ గేదెలకు చూస్తారు. అయినా పాపం ఒకాయన సూది వేశారు.

మే 14

పింజ పోయింది.

మే 15

దొడ్లో పాతిపెట్టాను.

పనికి వెళ్లి రెండో చాంబరు తలుపు తీసి లోపల నిలబడ్డాను. పీల్చాను. ఏమీ లేదు. గోడకు ముక్కు ఆనించి పీల్చాను. ఏమీ లేదు. టీ తెచ్చే ఖుర్షిదా పనిలో చేరి మూడు రోజులు కూడా కాలేదు. ఆమెను పిలిచి ఒక్కసారి లోపలికి రమ్మన్నాను.

రెండడుగులు వేసింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. కళ్లలోంచి ధారగా నీళ్లు. “ఏంది బాబాయ్, ఎగతాళా? నన్ను చంపుదామనా?” అంది.

సిలార్ దూరం నుంచి చూస్తున్నాడు. నేను వాడి వంక చూశాను. వాడు కంప్రెసరు గదిలోకి వెళ్లిపోయాడు.

మిర్చిలో పడి ఇన్నేళ్లు. ఈ ముక్కు ఎప్పుడు పోయిందో తెలియదు.

మే 16

ఆసుపత్రికి వెళ్లి ఎలీసమ్మకు మెట్ల దగ్గర చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడింది. తిట్టలేదు.

“ఇరవయ్యో తారీకు అయ్యేదాకా నోరు ఎత్తొద్దు. నువ్వు అబద్ధం ఆడలేవు, నాకు తెలుసు. అయినా ఆడాలి” అంది.

లోపలికి వెళ్లాను. షారోన్ నన్ను చూసి, “నువ్వు ఇక్కడికొస్తే దాని దగ్గర ఎవరున్నారు?” అంది.

“ఏసీ వేసి వచ్చాను.”

అబద్ధం సులువుగానే వచ్చింది.

మే 17

పాత వీడియో పంపాను. దొర్లేది కాకుండా ఇంకొకటి. తింటోందా అని అడిగింది. తింటోందన్నాను.

మే 18

తింటోందన్నాను.

మే 19

“రేపు నాకేమైనా అయితే దాన్ని హేమశ్రీ అక్కకి ఇవ్వొద్దు నాన్నా, నువ్వే ఉంచుకో. నీకు అలవాటైంది” అంది. సరేనన్నాను.

మే 20

ఆపరేషను అయింది. ఎముక పెట్టారు. బాగా జరిగిందన్నారు. దేవునికి స్తోత్రం.

వీడియో పంపలేదు. ఆమె అడిగే స్థితిలో లేదు.

మే 28

మెలకువగా ఉన్నప్పుడల్లా అడుగుతోంది. హేమశ్రీ గారి దగ్గర ఉంచామని, అక్కడ ఏసీ ఆగదని ఎలీసమ్మ చెప్పింది. హేమశ్రీ గారికి ఫోను చేసి ఆ మాట చెప్పాను. “నేను అబద్ధం చెప్పనండీ. ఫోను మాత్రం ఎత్తను” అన్నారు.

జూన్ 1

షారోన్ ఇంటికి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. ఖాళీగా ఉన్న తన గది చూసి, “బోసిగా ఉంది” అంది.

జూన్ 3

తల వెనక వెంట్రుకలు, గుండు చేయని పక్కవి, దిండుకు రాసుకుని రాసుకుని ముద్ద అయిపోయాయి. అరచేయంత ముద్ద. ఎలీసమ్మ పొద్దున దువ్వెన పెట్టబోతే పిల్ల కేక వేసింది. ఎలీసమ్మ కళ్లు తుడుచుకుంటూ స్త్రీల ప్రార్థనకు వెళ్లిపోయింది.

“నాన్నా, నువ్వు తీస్తావా? పింజకి తీశావుగా. వీడియోలో చూశా. నీ చెయ్యి నెమ్మది.”

నూనె వద్దంది. వద్దని నాకూ తెలుసు. ఆమె వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. కుట్లు పడిన పక్కకు చెయ్యి పోకుండా, ముద్దకూ తలకూ మధ్య రెండు వేళ్లు పెట్టి అదిమి పట్టుకున్నాను. చివర నుంచి మొదలుపెట్టాను. నాలుగు వెంట్రుకలు. ఇంకో నాలుగు. ఆమె ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. మెడ వదులైంది. నిద్రపోయిందనుకున్నాను.

“ఎప్పుడు తెస్తావు నాన్నా దాన్ని?”

ఆమె ముఖం నాకు కనబడటం లేదు. నా ముఖం ఆమెకు కనబడటం లేదు. అందువల్లే చెప్పగలిగాను.

“లేదమ్మా. పోయింది. ఆపరేషనుకు ముందే పోయింది.”

వేళ్ల కింద తల కదల్లేదు.

“ఎట్టా?”

కరెంటు పోయిన సంగతి చెప్పాను. కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లిన సంగతి చెప్పాను.

“ఏ గదిలో పెట్టావు?”

“రెండో చాంబరు. ఖాళీది. కడిగించాను.”

“ఘాటు లేదా?”

“నాకు తెలియలేదు.”

“తుమ్మిందా?”

“ముఖం రుద్దుకుంది. కడుక్కుంటోందనుకున్నాను.”

“ఆ వీడియో నాకు పంపావు.”

“పంపాను.”

“ఆ రోజు నేను అందరికీ చూపించా. నర్సులకి కూడా.”

కూలరు మొదలు నూనె దాకా, వీపు మీద ఊడిన బొచ్చు దాకా, ఉన్నదంతా చెప్పాను. ఆమె అడగనివి కూడా చెప్పాను. వేళ్లు మాత్రం ఆగలేదు. సగం ముద్ద విడిపోయింది.

“ఆపు నాన్నా. కత్తెర తే.”

“ఇంకొంచెమే ఉందమ్మా. వచ్చేస్తుంది.”

“కత్తెర తే.”

తెచ్చి ఇచ్చాను. చెయ్యి వెనక్కి పెట్టి, చూడకుండా, తనే కత్తిరించుకుంది. మూడు నాలుగు సార్లు కత్తిరిస్తే గానీ తెగలేదు. ముద్ద నేల మీద పడింది. నేను వంగి తీసుకోబోతే, “ఉండనియ్యి. అమ్మ ఊడుస్తుంది” అంది.

జూన్ 4

మాట్లాడలేదు.

జూన్ 5

మాట్లాడలేదు. ఎలీసమ్మ కూడా. చెప్పమని నిన్నెవరు అడిగారు అని ఒక్క మాట అంది.

జూన్ 7

పని నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే, మందులు ఇద్దామని షారోన్ గదిలోకి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను పలకరించలేదు. తిరగకుండానే మాట్లాడింది.

“తెలియలేదన్నావుగా. నిజంగానే తెలియదా నీకు?”

“తెలియదమ్మా.”

“నువ్వు వీధి మలుపు తిరిగితే నాకు తెలుస్తుంది. గేటు చప్పుడు కన్నా ముందు వాసన వస్తుంది. ముక్కులోకి, కళ్లలోకి. చిన్నప్పటి నుంచి. నువ్వు ఎత్తుకోబోతే నేను పరుగెత్తి అమ్మ వెనక దాక్కునేదాన్ని, గుర్తుందా? నువ్వు కొడతావని భయమనుకున్నావు. అందరితో అదే చెప్పేవాడివి, నా కూతురికి నేనంటే భయమని.”

“ఎప్పుడూ చెప్పలేదేం?”

“చెబితే ఏం చేస్తావు? పని మానేస్తావా?”

మందులు కిటికీలో పెట్టి బయటికి వచ్చాను. దొడ్లో కూర్చుని నా చేతులు వాసన చూసుకున్నాను. చొక్కా చూశాను. ఏమీ లేదు. నాకు ఏమీ లేదు.

జూన్ 8

ఆదివారం. పనికి వెళ్లలేదు. దొడ్లో బట్టలన్నీ విప్పి సబ్బుతో రుద్దుకుని స్నానం చేశాను. మళ్లీ చేశాను. గోళ్ల సందులు పుల్లతో తీశాను. ఉతికి ఎండలో వేసిన పంచె, పెట్టెలో ఉన్న కొత్త బనీను వేసుకున్నాను. గుడికి వేసుకునే చొక్కా వేసుకోలేదు. దాన్ని వేసుకుని మిర్చి యార్డుకు కూడా ఒకటి రెండు సార్లు వెళ్లినట్టు గుర్తు.

షారోన్ గది గుమ్మం దగ్గర ఆగాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నా వైపు చూసింది.

“ఇంకా ఉందా?” అని అడిగాను.

ముక్కుతో గాలి పీల్చింది. కళ్లు చిట్లించింది.

“ఉంది” అంది. చేతిలోని కర్ర పక్కన పెట్టి, “అక్కడే కూర్చో” అంది.

గుమ్మంలో కూర్చున్నాను.